పంతులుగారి ఇల్లు, రాజ్యలక్ష్మమ్మగారి వంటిల్లు

శ్రోతలకు నమస్కారం.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఊరి పేరు కాగితాల్లో రాజమహేంద్రవరమే. కానీ నా నోటికి రాజమండ్రే అలవాటు, ఏమనుకోకండి. 1848 ఏప్రిల్ 16న పంతులుగారు పుట్టింది ఈ ఊళ్లోనే. ఇప్పుడా ఇల్లు పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. లోపల పంతులుగారి జ్ఞాపకాలను భద్రపరిచారు. వచ్చినవాళ్లు గోడల మీద ఫొటోలు చూస్తారు, ఓ సెల్ఫీ దిగుతారు, కాసేపటికే వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. అదేమీ కోట కాదు, జమీందారుగారి మేడ కాదు. బడిలో పాఠాలు చెప్పుకునే ఒక పంతులుగారు కాపురం చేసిన ఇల్లు, అంతే. అందులో అంత చూడదగ్గదేముంది అనిపించడం సహజం.

ఆ ఇంట్లో జరిగిన ఒక పెళ్లి గురించి చెబుతాను.

1881 డిసెంబరు 11. పెళ్లికూతురు గౌరమ్మ. ఊహ తెలియని వయసులోనే పెళ్లయి, భర్తను పోగొట్టుకున్న పిల్ల. పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు. తెలుగునాట జరిగిన మొదటి వితంతు వివాహంగా మనం చెప్పుకునేది ఇదే. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని ప్రభుత్వం చట్టం చేసింది 1856లో. అంటే అప్పటికి పాతికేళ్లయింది. అన్నేళ్లుగా చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. ఎందుకంటే చట్టం అనుమతి ఇస్తుంది గానీ పందిరి వెయ్యదు, వంట చెయ్యదు, కడవతో నీళ్లు తెచ్చిపెట్టదు. ఇవన్నీ చేసే మనుషులు కావాలి, చేసుకోవడానికో ఇల్లు కావాలి. ఆ ఇల్లే ఇది.

వెలి అనే మాట ఇవాళ మనకి పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ రోజుల్లో దాని దెబ్బ నేరుగా వంటింటికి తగిలేది. పురోహితుడు రాడు, చుట్టాలు గడప తొక్కరు. వంటవాళ్లు మానేస్తారు, నీళ్లు మోసేవాళ్లు మానేస్తారు. పంతులుగారింట్లో అదే జరిగింది. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే బిందె తీసుకుని గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చారు, పెళ్లివారందరికీ తానే వండిపెట్టారు. గోదావరి ఒడ్డున మెట్లెక్కి దిగినవాళ్లకి నిండు బిందె బరువెంతో తెలుస్తుంది. పైగా అది పెళ్లిల్లు. కాళ్లు కడుక్కోవడానికి, వంటకి, అంట్లకి, తాగడానికి ఎన్ని నీళ్లు కావాలో ఆడవాళ్లని అడగండి. దారి పొడుగునా ఊరి చూపులు ఎలాగూ ఉంటాయి.

వాళ్లిద్దరికీ పెళ్లయ్యేనాటికి పంతులుగారికి పదమూడేళ్లు, ఆవిడ ఇంకా చిన్నపిల్ల. ఆ కాలంలో అందరి పెళ్లిళ్లూ అంతేగా. పుట్టింటివాళ్లు పెట్టిన పేరు బాపమ్మ. వీళ్లకి పిల్లలు లేరు. కానీ దిక్కులేక వచ్చిన ఆడపిల్లలు ఆ ఇంటికి కరువు కాలేదు. వాళ్ల బాగోగులు చూసిందీ ఆవిడే. 1910లో ఆవిడ పోయారు. పంతులుగారు రాశారు, ఉపన్యసించారు, పత్రిక నడిపారు కాబట్టి ఆయన మాట అచ్చులో మిగిలింది. ఆవిడ పని వంటింట్లో జరిగింది, వంటింటి పనికి అచ్చు ఉండదు. అందుకే నాకు ఆ ఇల్లు ఆయన పుస్తకాలంత ముఖ్యమనిపిస్తుంది. ఆవిడ చేసిన పనికి మన ముందు మిగిలిన ఆనవాలు ఆ ఇల్లే. ఇంటి ముందు బోర్డు రాసేవాళ్లు రెండో పేరుని చిన్న అక్షరాల్లోకి నెట్టెయ్యకూడదని నా అభిప్రాయం.

పంతులుగారు కూడా ఊరుకునే మనిషి కాదు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, లంచాలు తినేవాళ్లని వీధికెక్కించారు. 1880లో వ్యవహార ధర్మబోధిని అని నాటకం రాసి, వకీళ్ల మాయలు బయటపెట్టి, తన విద్యార్థుల చేత ఆడించారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటున్నాం. పెళ్లిళ్లకి డబ్బు కావాల్సి వస్తే కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు వేలల్లో ఇచ్చారు. పంతులుగారు తర్వాత హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తినంతా దానికే రాసేశారు.

ఇక ఇలాంటి ఇళ్లకి చేసే రిపేర్ల సంగతి ఒక్కమాట చెప్పాలి. పాత ఇటుక గోడలు సున్నంతో కట్టినవి. సున్నం చెమ్మని పీల్చుకుంటుంది, ఎండ రాగానే బయటికి వదిలేస్తుంది. దాని మీద గట్టిగా ఉంటుందని సిమెంటు పూత పూశామనుకోండి, చెమ్మ బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. కొన్నాళ్లకి గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తుంది, లోపల ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైకి మాత్రం కొత్త రంగుతో కళకళలాడుతూ ఉంటుంది. జయంతికి హడావుడిగా పెయింట్ కొట్టించడం కన్నా, సున్నం పని తెలిసిన మేస్త్రీని ఏడాదికోసారి పిలిపించి కప్పు, తూములు చూపించడం మేలు. ఖర్చు కూడా తక్కువే అవుతుంది. మన ఊళ్లలో పేరున్నవాళ్ల ఇళ్లు చాలావరకు కూలింది నిర్లక్ష్యంతోనే అనుకుంటాం గానీ, తెలియక చేసిన రిపేర్లూ తక్కువ పాడు చెయ్యలేదు.

పంతులుగారు చివరికి ఈ ఇంట్లో పోలేదు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. రాజమండ్రి వెళ్లినప్పుడు ఇల్లు చూశాక టౌన్‌హాలుకి కూడా వెళ్లండి. 1890లో ఆయన కట్టించిందే అది. ఊళ్లోవాళ్లు నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉండాలని కట్టించారు. ఇంటికి వెళ్తే మాత్రం ఫొటోల దగ్గరే ఆగిపోకండి. వంటిల్లు ఎటువైపు ఉండేదో అక్కడున్నవాళ్లని అడగండి. నమస్కారం.