బెర్లిన్‌లో మా తడి చెత్త, అమ్మ కట్టిన పొట్లం

అందరికీ నమస్తే అండీ. ఉదయం ఏడున్నర అవుతోంది. మా అపార్ట్‌మెంట్ వెనకాల ఉన్న పెరట్లో నిలబడి మాట్లాడుతున్నాను. ఇవాళ గురువారం, తడి చెత్త బండి వచ్చే రోజు. అమ్మ ఇండియా నుంచి వచ్చి నెలన్నర అయింది. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడకి ఈ ఊళ్ళో అన్నిటికంటే వింతగా అనిపించింది ఈ డబ్బాల వరసే. "అమ్మాయ్, ముందు దీని మీద వీడియో చెయ్యి, గుళ్ళూ గోపురాలూ తర్వాత" అంది. అందుకని ఈ రోజు మొత్తం మన ఇంటి చెత్త గురించే మాట్లాడుకుందాం.

ఇదిగో, డబ్బాలు చూడండి. నీలం డబ్బాలో పేపర్లు, అట్టపెట్టెలు. పసుపు డబ్బాలో ప్లాస్టిక్, రేకు డబ్బాలు, పాల ప్యాకెట్లు. గోధుమరంగు డబ్బా తడి చెత్తకి. ఎందులోనూ పట్టనివి ఈ నల్ల డబ్బాలోకి వెళ్తాయి. ఆ చివర రెండూ గాజు సీసాలకి, ఒకటి తెల్ల గాజుకి, ఇంకొకటి రంగు గాజుకి. ఆదివారం సీసాలు వేయకూడదు, చప్పుడవుతుందని. రంగులు జర్మనీ అంతటా ఒకేలా ఉండవు. మ్యూనిక్‌లో అయితే చాలా చోట్ల ప్లాస్టిక్‌ని వీధి చివర పెట్టిన డబ్బాల దాకా మనమే మోసుకెళ్ళాలి. కాబట్టి ఊరు మారితే ముందు అక్కడి పద్ధతి కనుక్కోండి.

నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నది గోధుమరంగు డబ్బా గురించి. ఎందుకంటే మన తెలుగువాళ్ళ వంటింట్లో సగానికి పైగా చెత్త ఇదే. ఉల్లి తొక్కలు, తోటకూర కాడలు, చింతపండు పిప్పి, నమిలి పక్కన పెట్టిన మునక్కాడ ముక్కలు, టీ పొడి, పులుసులోంచి ఏరేసిన కరివేపాకు. మిగిలిపోయిన అన్నం, కూర కూడా బెర్లిన్‌లో ఇందులోనే వేయొచ్చు. వేయకూడనిది ప్లాస్టిక్ కవరు. ఏ రకం ప్లాస్టిక్ కవరైనా సరే, వేయకూడదు.

ఈ సంగతి నాకు పోయినేడాది బాగా తెలిసొచ్చింది. షాపులో "మట్టిలో కలిసిపోతాయి" అని రాసి ఉన్న ఆకుపచ్చ కవర్లు అమ్ముతారు. నేను వాటినే కొని, రోజూ తడి చెత్త వాటిలో కట్టి డబ్బాలో వేసేదాన్ని. మంచి పనే చేస్తున్నానని గట్టిగా నమ్మాను. ఒక గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అన్ని డబ్బాలూ ఖాళీ అయ్యాయి, తడి చెత్త డబ్బా మాత్రం నిండుగా అలాగే ఉంది. దాని మీద ఒక కాగితం అంటించి ఉంది. ఇందులో ప్లాస్టిక్ ఉంది, తీసుకెళ్ళడం కుదరదు అని. మూత తెరిచి చూస్తే పైన కనిపిస్తున్నది నా ఆకుపచ్చ కవరే. అడుగున మామూలు ప్లాస్టిక్ కవర్లు కూడా ఉన్నాయి, అవి ఎవరివో తెలియదు. కానీ నాది నాకు తెలుసు కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బా అందరిదీ. దాన్ని మళ్ళీ వేరు చేయకపోతే నల్ల డబ్బా చెత్త కింద ప్రత్యేకంగా తీసుకెళ్ళడానికి వేరే చార్జీ పడుతుంది. అది మెయింటెనెన్స్ లెక్కలో కలిసి బిల్డింగ్‌లో అందరి మీదా పడుతుంది. మర్నాడు మా ఆయనా నేనూ గ్లౌజులు తొడుక్కుని ఆ కవర్లన్నీ ఏరాం. మూడో అంతస్తు పెద్దావిడ కిందకి వచ్చి ఏమీ అనలేదు, తను కూడా గ్లౌజులు తెచ్చుకుని పక్కన నిలబడింది.

అప్పుడు కూర్చుని రూల్స్ అన్నీ చదివాను. 2025 మే 1 నుంచి జర్మనీలో తడి చెత్త నియమాలు గట్టిగా బిగించారు. ఇళ్ళ నుంచి వచ్చే తడి చెత్తను ఎరువుగానో గ్యాస్‌గానో మార్చే ముందు అందులో ప్లాస్టిక్ 1 శాతం దాటకూడదు. లోడులో పనికిరాని వస్తువులు 3 శాతం దాటితే ప్లాంటువాళ్ళు ఆ లోడు వద్దనొచ్చు. దాంతో ఆ ఒత్తిడి బండివాళ్ళ మీదకి, వాళ్ళ నుంచి మన డబ్బా మీదకి వచ్చింది. ఆ ఆకుపచ్చ కవర్లు కరగడానికి పట్టే టైమ్ వేరు, ప్లాంటులో చెత్త ఉండే టైమ్ వేరు. యంత్రానికి చూడగానే అది మంచి కవరా, చెడ్డ కవరా అని తెలియదు కూడా. అందుకే బెర్లిన్‌లో అవీ వద్దన్నారు.

మరి తడి చెత్త ఎందులో కట్టాలి? పేపర్‌లో. కానీ నేను పేపర్లో చుడితే అడుగు తడిసి, మెట్ల మీదే ఊడిపోయేది. ఎండాకాలమైతే చిన్న చిన్న ఈగలు ఇల్లంతా తిరిగేవి. ఈ సమస్య తీర్చింది మా అమ్మ.

అమ్మ వచ్చిన రెండో రోజే నా అవస్థ చూసి, "ఇలా తేవే ఆ కాగితం" అంది. లెటర్ బాక్సులో పడే ఫ్రీ పేపర్ ఒకటి తీసుకుంది. నిగనిగలాడే రంగు పాంప్లెట్లు పక్కన పడేసింది, అవి పనికిరావు. రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి ఐమూలగా పరిచింది. మధ్యలో ముందు నాలుగు ఎండు ఉల్లి తొక్కలు వేసి, దాని మీద తడి చెత్త పెట్టింది. కింది మూల పైకి మడిచి, బొటనవేలితో అంచు నొక్కింది. తర్వాత రెండు పక్కలూ లోపలికి మడిచింది. మిగిలిన పై మూలని ముందుకి తెచ్చి మడతలోకి దోపేసింది. దారం లేదు, టేప్ లేదు. అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి నాకిచ్చింది. మా తాతగారిది కిరాణా కొట్టు. అమ్మ బడి నుంచి వచ్చి పావుకిలో కందిపప్పు, మిరియాలు, జీలకర్ర పొట్లాలు కట్టేది. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ చేతులు మడత మర్చిపోలేదు. ఇప్పుడు మా ఇంట్లో రోజుకొక పొట్లం. మా పాప కూడా నేర్చుకుంది, దాని పొట్లం కొంచెం వంకరగా వస్తుంది, అయినా ఊడదు.

ఈ పొట్లం ఎక్కడికి వెళ్తుంది అని అమ్మ అడిగింది. బెర్లిన్‌లోనే పడమర వైపు రూహ్‌లేబెన్ అనే చోట 2013లో ఒక బయోగ్యాస్ ప్లాంట్ పెట్టారు. ఇళ్ళ నుంచి తెచ్చిన తడి చెత్త అక్కడ కుళ్ళి గ్యాస్ అవుతుంది. ఆ గ్యాస్‌ని శుద్ధి చేసి చెత్త బండ్లకే ఇంధనంగా పోస్తారు. అలా నడిచే బండ్లు దాదాపు 150. అంటే మన చింతపండు పిప్పి తీసుకెళ్ళే బండి అలాంటి పిప్పితోనే నడవొచ్చు. మిగిలింది పొలాలకి ఎరువు. ఇది చెప్పినప్పుడు అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన సంగతి చెప్పింది.

మా ఊరు కృష్ణా జిల్లాలో. 2021 అక్టోబర్ 2న విజయవాడలో క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైంది, రాష్ట్రంలో పట్టణాల్లో ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలిచ్చారు. అమ్మకీ వచ్చాయి. ఆకుపచ్చ దాంట్లో తడి, నీలం దాంట్లో పొడి, ఎర్ర దాంట్లో ప్రమాదకరమైనవి. అమ్మ శ్రద్ధగా వేరు చేసింది. నెల రోజుల తర్వాత ఒకరోజు గుమ్మంలో నిలబడి చూస్తుంటే, మూడు డబ్బాలూ బండిలో ఒకే చోట బోర్లించారట. "నాకు ఏడుపొచ్చినంత పనైందే. మర్నాటి నుంచి ఆ ఎర్ర డబ్బాలో బియ్యం పోసుకున్నా" అంది.

మన తెలుగువాళ్ళు ఇక్కడ ఎక్కడ కలిసినా ఒక మాట తప్పకుండా వస్తుంది, "వీళ్ళకి సివిక్ సెన్స్ ఉందండీ, మనవాళ్ళకి లేదు" అని. నేను ఈ మాటని ఒప్పుకోను. మా అమ్మకి లేనిది సెన్స్ కాదు. తను వేరు చేసింది వేరుగానే వెళ్తుందన్న నమ్మకం ఆవిడకి దొరకలేదు, అంతే. అదే అమ్మ ఇక్కడ పాల ప్యాకెట్ కడిగి, మడిచి, పసుపు డబ్బాలో వేస్తోంది, ఎవరూ చెప్పకుండా. ఇక్కడివాళ్ళు కూడా పుట్టుకతో ఇలా లేరు. శుద్ధి చేయని ఇంటి చెత్తను గుట్టలుగా పోయకూడదన్న నిషేధం ఈ దేశంలో పూర్తిగా అమలైంది 2005 జూన్ 1న. తడి చెత్త వేరుగా సేకరించాలని చట్టం తప్పనిసరి చేసింది 2015 నుంచి. ఇవన్నీ నిన్న మొన్నటివే. ముందు చట్టం వచ్చింది, బండి వచ్చింది, డబ్బెవరు కట్టాలో తేలింది, అలవాటు ఆ వెనకాల వచ్చింది.

డబ్బు సంగతి చాలా ముఖ్యం. 1991లో జర్మనీ ఒక నిబంధన తెచ్చింది. ప్యాకింగ్ తయారుచేసి అమ్మినవాళ్ళే దాన్ని వెనక్కి తీసుకునే ఖర్చు భరించాలి అని. ఆ పసుపు డబ్బా ఖర్చు అందుకే మా చెత్త బిల్లులో రాదు. బిస్కెట్ కంపెనీ, షాంపూ కంపెనీ కట్టాలి. చివరికి అది సరుకు ధరలో కలిసి మన దగ్గరికే వస్తుంది, నిజమే. కానీ ఎక్కువ ప్లాస్టిక్ చుట్టినవాడు ఎక్కువ కడతాడు, అక్కడ న్యాయం ఉంది. నల్ల డబ్బాకి మాత్రం మేమే కడతాం, తడి చెత్త డబ్బా దానికంటే చాలా చవక. కాబట్టి వేరు చేసిన బిల్డింగ్‌కి డబ్బు మిగులుతుంది.

మన దగ్గర చెత్త పన్ను అంటే జనానికి ఎంత కోపం వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు దాన్ని రద్దు చేస్తామని ప్రకటించారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కళ్ళముందు కలిపి పోసే చెత్తకి డబ్బెందుకు కట్టాలి? కానీ బండి తోలేవాళ్ళకి, ఊడ్చేవాళ్ళకి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. ప్లాస్టిక్ ప్యాకింగ్ చేసే కంపెనీలదే బాధ్యత అని మన దేశంలో కూడా 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు వచ్చాయి. ఆ డబ్బు వీధి చివరి బండి దాకా రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

సీసాల గురించి ఒక్క మాట. ఇక్కడ ఒకసారి వాడే ప్లాస్టిక్ నీళ్ళ బాటిల్ కొంటే 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు, దాదాపు పాతిక రూపాయలు. దీన్ని ప్ఫాండ్ అంటారు, 2003 జనవరి 1 నుంచి ఉంది. ఖాళీ సీసా సూపర్ మార్కెట్‌లో మెషీన్‌లో పెడితే చీటీ వస్తుంది, అది బిల్లు దగ్గర ఇస్తే మన డబ్బు మనకి. మేం వాడే పెరుగు గాజు సీసాకి 15 సెంట్లు. మొదటిసారి అమ్మని తీసుకెళ్తే, "ఇందులో వింతేముంది, మా చిన్నప్పుడు ఖాళీ సోడా సీసా ఇచ్చేదాకా కొట్టువాడు మనం కట్టిన అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేవాడు కాదు" అంది. అది నిజం కదా! ఇక్కడ చాలామంది పార్కులో ఖాళీ సీసాని చెత్త డబ్బాలో వేయరు, పక్కన నిలబెడతారు. వాటిని ఏరుకుని బతికేవాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టే పని లేకుండా. ఇప్పుడు అమ్మ కూడా మూత బిగించి, సీసా పడిపోకుండా డబ్బాకి ఆనించి పెడుతోంది.

ఇండియాలో కూడా రూల్స్ మారాయి. 2016 నియమాల్లో మూడు రకాలుగా వేరు చేయమన్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలు వచ్చాయి, ఇప్పుడు నాలుగు రకాలు. తడి, పొడి, డైపర్లూ ప్యాడ్లూ లాంటి శానిటరీ చెత్త, ఇంకా బల్బులూ మందులూ పెయింట్ డబ్బాల్లాంటి ప్రత్యేక జాగ్రత్త పడాల్సినవి. శానిటరీ చెత్తని వేరే రకంగా పెట్టడం నాకు బాగా నచ్చింది. ఇంతకాలం అది మన కార్మికులు ఒట్టి చేతులతో ఏరుతున్నారు. కనీసం అదొక్కటి కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి, ప్లీజ్. దానికి ఎవరి కోసమూ ఆగక్కర్లేదు.

అదిగో, బండి వచ్చింది. నారింజ రంగు డ్రెస్సుల్లో ఇద్దరు లోపలికి వచ్చారు, గేటు తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఒకాయన మూత తెరిచి లోపలికి చూశారు, మూసి, లాక్కుని వెళ్తున్నారు. పైన కిటికీలో అమ్మ నిలబడి ఉంది, కనిపిస్తోందా? డబ్బా ఖాళీ అయి వెనక్కి వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

అమ్మ వచ్చే నెల వెళ్ళిపోతోంది. నిన్న రాత్రి పాప నోట్‌బుక్‌లో కాగితం చింపి ఏదో రాసుకుంటోంది. ఏంటమ్మా అంటే, ఊరెళ్ళాక వార్డు ఆఫీసులో అడగడానికట. తడి చెత్త మా వీధి నుంచి ఏ ఊరికి వెళ్తుంది? బండిలో అరలు ఉన్నాయా? లేకపోతే ఎప్పుడు పెట్టిస్తారు? అడుగున ఇంకోటి కలిపింది, "ఎర్ర డబ్బాలో బియ్యం తీసెయ్యాలి" అని.