సిస్టమ్ అడ్మిన్‌గా మొదటి ఉద్యోగం: చేరేలోపు ఏమేం పాడుచేసి చూడాలి

నమస్తే. ఆఫర్ లెటర్ వచ్చేసింది, చేరడానికి ఇంకో రెండు మూడు వారాలుంది, సిస్టమ్ అడ్మిన్‌గా ఇదే మొదటి ఉద్యోగం. ఈలోపు ఏం చదవాలి అనేది అందరికీ వచ్చే ప్రశ్న. మేమైతే చదవడం తగ్గించి పాడుచేయడం మొదలుపెట్టమంటాం. కమాండ్లదేముంది, వెతికితే ఎవరికైనా దొరుకుతాయి. కొత్తవాళ్లు తడబడేది ఎక్కడంటే, సర్వర్ పాడైతే ఎలా కనిపిస్తుందో ముందెప్పుడూ చూసి ఉండరు. ఆ చూడటమేదో సొంత మెషీన్ మీద, ఎవరూ ఫోన్ చేయని టైములో జరిగిపోతే సగం భయం పోతుంది.

ముందు ల్యాబ్. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు, 16 ఉంటే హాయి. ఒకే ల్యాప్‌టాప్‌లో మరికొన్ని మెషీన్లు నడపనిచ్చే వర్చువల్‌బాక్స్ కానీ, కేవీఎం కానీ వేసుకోండి. రెండు లినక్స్ మెషీన్లు పెట్టండి: ఒకటి డెబియన్ లేదా ఉబుంటు, రెండోది రాకీ లేదా ఆల్మా. ఒక్కోదానికి 1 నుంచి 2 జీబీ మెమరీ, 20 జీబీ డిస్క్. గ్రాఫికల్ డెస్క్‌టాప్ వద్దు, సర్వర్లలో అది సాధారణంగా ఉండదు. మూడోది విండోస్ సర్వర్. ఎవాల్యుయేషన్ కాపీ 180 రోజులు పనిచేస్తుంది, దానికి 4 జీబీ ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లో 8 జీబీయే ఉంటే మూడూ ఒకేసారి నడపకండి. ఉబుంటు మెషీన్‌కి అదనంగా 1 జీబీ చిన్న డిస్క్ ఒకటి తగిలించండి, ఇప్పుడే దాన్ని నింపబోతున్నాం. అంతా సిద్ధమయ్యాక స్నాప్‌షాట్ తీసుకోండి, ఏం పాడైనా మళ్లీ ఈ స్థితికి రావచ్చు.

మొదటి ప్రయోగం, డిస్క్ నిండిపోవడం. అన్నిటికంటే ఎక్కువసార్లు మీ ముందుకొచ్చేది ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం. ఆ చిన్న డిస్క్‌ని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌గా ఫార్మాట్ చేసి, డేటా అనే డైరెక్టరీ మీద మౌంట్ చేయండి. అందులో 800 ఎంబీ ఫైల్ ఒకటి తయారుచేయండి. ఒక టెర్మినల్‌లో ఆ ఫైల్‌ని టెయిల్ మైనస్ ఎఫ్‌తో (tail -f) తెరిచి అలాగే వదిలేయండి. రెండో టెర్మినల్‌లో ఆ ఫైల్‌ని ఆర్ఎమ్‌తో తీసేయండి. ఇప్పుడు డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టండి. డిస్క్ ఖాళీ కాలేదు! ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ కొడితే అక్కడ ఏమీ లేదంటుంది. రెండూ నిజమే చెబుతున్నాయి. ఆర్ఎమ్ తీసేసింది పేరునే. ఒక ప్రాసెస్ ఫైల్‌ని తెరిచి పట్టుకున్నంతసేపు కెర్నెల్ ఆ చోటును వదలదు. అసలు సర్వర్లో ఇదే జరుగుతుంది: ఎవరో పెద్ద లాగ్ ఫైల్ తీసేస్తారు, అప్లికేషన్ దాన్నింకా పట్టుకునే ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గరే.

పట్టుకున్నదెవరో తెలియాలంటే ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్1 (lsof +L1). పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లను, వాటి ప్రాసెస్ నంబర్లతో సహా చూపిస్తుంది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది. లాగ్ వెంటనే ఖాళీ చేయాల్సి వస్తే ఆర్ఎమ్ జోలికి పోకుండా ట్రంకేట్ మైనస్ ఎస్ 0 వాడండి. పేరు ఉంటుంది, లోపలి సరుకు పోతుంది. ఖాళీ చేసేముందు ఆ లాగ్ చివరి కొన్ని వేల లైన్లు వేరే డిస్క్ మీదికి కాపీ చేసుకోండి. అది అంత వేగంగా ఎందుకు నిండిందో చెప్పే సాక్ష్యం అందులోనే ఉంటుంది మరి.

ఇదే డిస్క్ మీద ఇంకో పని. ఖాళీ ఫైళ్లు వేల సంఖ్యలో సృష్టించే చిన్న లూప్ రాయండి. ఈఎక్స్‌టీ4 మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ (ఒక్కో ఫైల్‌కి ఒకటి కావాల్సిన ఎంట్రీ) చొప్పున ఇస్తుంది కాబట్టి 1 జీబీకి సుమారు 65 వేలొస్తాయి. అవి అయిపోగానే చోటు లేదనే ఎర్రర్ వస్తుంది, డీఎఫ్ మైనస్ హెచ్ మాత్రం బోలెడు ఖాళీ చూపిస్తుంది. డీఎఫ్ మైనస్ ఐ కొడితే అసలు సంగతి బయటపడుతుంది. సెషన్ ఫైళ్లు, కదలని మెయిల్ క్యూలు ఇలాగే ముంచుతాయి. మరొకటి: ఈఎక్స్‌టీ4 అయిదు శాతం చోటు రూట్ కోసం, అంటే అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా కోసం, దాచి ఉంచుతుంది. అందుకే రూట్‌గా రాయగలుగుతున్నా అప్లికేషన్ యూజర్ రాయలేకపోవచ్చు. "నాకు పనిచేస్తోందే" అని తేల్చే ముందు ఆ యూజర్‌గానే ప్రయత్నించండి.

రెండో ప్రయోగం, మిమ్మల్ని మీరే బయట పెట్టి తాళం వేసుకోవడం. ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నుంచి టెర్మినల్‌తో, లాగినై అదే మెషీన్ ఫైర్‌వాల్ మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. ఉబుంటు మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టును అనుమతించకుండా యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఆన్ చేసి చూడండి. వింతేమిటంటే, ఉన్న సెషన్ చాలాసార్లు తెగదు, ఎందుకంటే అప్పటికే కుదిరిన కనెక్షన్లను ఫైర్‌వాల్ పోనిస్తుంది. అంతా బాగుందనుకుని లాగౌట్ చేస్తారు. మళ్లీ లోపలికి రావడానికి దారుండదు. కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ మీద కానీ ఫైర్‌వాల్ మీద కానీ చెయ్యి వేసినప్పుడు పాత సెషన్ మూయకుండా రెండో టెర్మినల్‌లో కొత్తగా లాగినై చూడాలి. అది కుదిరాకే పాతది మూయాలి.

దీనికో తిరుగుదారి కూడా పెట్టుకోవచ్చు. మార్పు చేసే ముందు ఎట్ కమాండ్‌తో, ఇప్పటి నుంచి అయిదు నిమిషాలకు ఫైర్‌వాల్ ఆపేయమని చెప్పి ఉంచండి. తాళం పడితే అయిదు నిమిషాల్లో అదే తెరుచుకుంటుంది. అన్నీ కుదిరితే ఏటీఆర్‌ఎమ్‌తో ఆ పనిని రద్దు చేయండి. ఆ పనులు నడిపే ఏటీడీ సర్వీసు నడుస్తోందో లేదో ముందే చూసుకోవాలి, ఆగిపోయి ఉంటే ఈ ఏర్పాటంతా ఉత్తిదే. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ మార్చినప్పుడైతే రీలోడ్‌కి ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ. తప్పుంటే లైన్ నంబరుతో సహా చెబుతుంది, ఏమీ అనకపోతే సరిగ్గా ఉన్నట్టు. ఎవరికి రూట్ హక్కులో చెప్పే సూడో ఫైల్‌ని వీసూడోతో తప్ప మామూలు ఎడిటర్‌తో తెరవకండి, కారణం ఇదే.

లాగిన్‌కి ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టినా పాస్‌వర్డ్ అడుగుతోందంటే తొంభై పాళ్లు అనుమతుల గొడవే. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ డైరెక్టరీకి 700, ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600 ఉండాలి. హోమ్ డైరెక్టరీలో గ్రూపుకి రాసే హక్కు ఉన్నా సర్వర్ ఆ కీని నమ్మదు. విసిగిపోయి 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, ఇచ్చేవాళ్లుంటారు. దాంతో కచ్చితంగా పనిచేయదు.

మూడోది బూట్ కాకపోవడం. ఈటీసీ కింద, ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌టాబ్‌లో, మనం పెట్టిన చిన్న డిస్క్ యూయూఐడీలో (దాని గుర్తింపు సంఖ్యలో) ఒక అక్షరం మార్చి రీబూట్ చేయండి. మామూలుగా 90 సెకన్లు ఆ డిస్క్ కోసం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడిపోతుంది. అక్కడ రూట్ పాస్‌వర్డ్ అడగొచ్చు. రూట్ ఖాతా లాక్ అయి ఉంటే కొన్ని సిస్టమ్‌లలో ఆ దారీ మూతే. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ e కీ నొక్కి, లినక్స్‌తో మొదలయ్యే లైను చివర ఇనిట్ సమానం స్లాష్ బిన్ స్లాష్ బాష్ అని చేర్చి బూట్ చేయడం, రూట్ ఫైల్ సిస్టమ్‌ని రాసే వీలుగా రీమౌంట్ చేయడం, తప్పు దిద్దడం: ఇది రెండుసార్లు చేయండి, చేతికి అలవాటయ్యేదాకా. ఈ తిప్పలు రాకుండా ఉండాలంటే ఎఫ్‌ఎస్‌టాబ్ ముట్టుకున్న ప్రతిసారీ రీబూట్‌కి ముందు ఫైండ్‌ఎంఎన్‌టీ మైనస్ మైనస్ వెరిఫై, ఆ తర్వాత మౌంట్ మైనస్ ఏ. తాము లేకున్నా సర్వర్ లేవగల డేటా డిస్కులకు నోఫెయిల్ ఆప్షన్ పెడితే అవి దొరక్కపోయినా మెషీన్ లేస్తుంది.

నెట్‌వర్క్ దగ్గర రెండు ఎర్రర్ల మధ్య తేడా పట్టుకుంటే చాలా దూరం వెళ్తారు. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే దాదాపుగా అవతలి మెషీన్ దాకా వెళ్లారు, ఆ పోర్టులో వినేవాళ్లు లేరు. టైమౌట్ అంటే ప్యాకెట్ దారిలో ఎక్కడో మాయమైంది. ఫైర్‌వాల్ మింగేసిందో, వెళ్లే దారే లేదో, మెషీనే ఆగిపోయిందో. మొదటిదైతే సర్వర్ మీద ఎస్ఎస్ మైనస్ టీఎల్ఎన్‌పీ కొట్టి చూడాలి. సర్వీసు నడుస్తూనే 127.0.0.1 (మెషీన్ తనకు తానే వాడుకునే అడ్రస్) మీద మాత్రమే వింటుంటే బయటి వాళ్లకి అది లేనట్టే. ఇది ఎంత మామూలో చెప్పలేం. రెండోదైతే సర్వీసును రీస్టార్ట్ చేస్తూ కూర్చోవడం టైమ్ వృథా, దారి వెతకాలి.

పేర్ల విషయంలో ఒక చిన్న మెలిక. డిగ్ కమాండ్ నేరుగా, పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడుగుతుంది, మెషీన్‌లోనే పేర్లు రాసి ఉండే హోస్ట్స్ ఫైల్ చూడదు. అప్లికేషన్లు సాధారణంగా హోస్ట్స్ ఫైల్ కూడా చూస్తాయి. కాబట్టి డిగ్ సరైన అడ్రస్ చెప్పి, అప్లికేషన్ మాత్రం పాత మెషీన్‌కి పోతుంటే గెట్ఎంట్ హోస్ట్స్‌తో అడగండి. ఎప్పుడో ఎవరో హోస్ట్స్ ఫైల్‌లో రాసిపెట్టిన లైన్ తేలుతుంది.

టైము ప్రకారం పనులు నడిపే క్రాన్ గురించి రెండే మాటలు. చేత్తో నడిపితే పనిచేసే స్క్రిప్ట్ క్రాన్‌లో పనిచేయదంటే ముందు కమాండ్లను ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్ అనుమానించండి, అక్కడ అది చాలా చిన్నది. రెండోది, క్రాన్‌టాబ్ లైన్‌లో శాతం గుర్తు అంటే కొత్త లైన్ అని అర్థం. తేదీతో ఫైల్ పేరు పెట్టబోయి అక్కడే విరిగిపోతుంది. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

విండోస్ వైపు, ఖాతాలన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ ఒకటి వేసి ఒక క్లయింట్‌ని చేర్చండి. తర్వాత క్లయింట్ గడియారాన్ని పది నిమిషాలు జరపండి. అక్కడ లాగిన్లు సరిచూసే కెర్బెరోస్ మామూలుగా అయిదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది, ఆ పైన లాగిన్లు, షేర్లు వింతగా ఎదురుతిరగడం మొదలవుతాయి. అలాగే ఒక టెస్ట్ ఖాతాను తప్పు పాస్‌వర్డ్‌తో లాక్ చేయండి. లాకౌట్ పాలసీ పెట్టడం మర్చిపోకండి. డొమైన్ కంట్రోలర్ (డొమైన్ నడిపే సర్వర్) సెక్యూరిటీ లాగ్‌లో 4740 ఈవెంట్ చూడండి, ఏ మెషీన్ నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. "పొద్దుట్నుంచి నా ఖాతా మూడుసార్లు లాకైంది" అని ఫిర్యాదు వస్తే ఫోన్‌లోనో, పాత రిమోట్ సెషన్‌లోనో పాత పాస్‌వర్డ్ ఉండిపోయిందేమో ముందు చూస్తారు.

ఇక చేరిన మొదటి వారం. చూడండి, రాసుకోండి, మార్చకండి. ఏ సర్వర్ ఏం చేస్తుంది, అది ఆగితే ఎవరు ఫోన్ చేస్తారు, దానికి బాధ్యులెవరు, కన్సోల్‌కి (నెట్‌వర్క్ లేకున్నా మెషీన్ తెర చూసే చోటుకి) దారేది. ప్రతి మెషీన్ మీద అప్‌టైమ్ చూడండి. 400 రోజులుగా రీబూట్ కానిది కనబడితే సంబరపడకండి. ఇంతకాలంలో ఎఫ్‌ఎస్‌టాబ్‌లో ఎవరేం మార్చారో, చేత్తో నడిపిన సర్వీసులెన్నో, ఏదీ రీబూట్‌తో పరీక్షకు రాలేదన్నమాట. అలాంటిదాన్ని కన్సోల్ చేతిలో లేకుండా రీబూట్ చేయకూడదు.

వెబ్‌సైట్ల టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్) సర్టిఫికెట్ల గడువు తేదీల జాబితా కూడా మొదటి వారంలోనే చేయండి. ఈ పని ఏటేటా బరువెక్కుతోంది: పబ్లిక్ టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. క్యాలెండర్ చూసి చేత్తో మార్చే రోజులు పోయినట్టే. ఆటోమేషన్ ఉన్నచోట కూడా ఒక గోతి ఉంది. డిస్క్ మీద ఫైల్ కొత్తదవుతుంది, వెబ్ సర్వర్ రీలోడ్ కాక మెమరీలో పాతదే ఉంటుంది. అందుకే ఫైల్‌ని కాకుండా బయటి నుంచి ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో కనెక్టయి తేదీ చూడాలి.

బ్యాకప్ సంగతి చివరికి ఉంచాం, కానీ చేయాల్సింది ముందే. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో ఆ సంస్థే బహిరంగంగా రాసింది. రెండో డేటాబేస్ సర్వర్ మీద ఖాళీ చేయాల్సిన డైరెక్టరీని ప్రధాన సర్వర్ మీద తీసేశారు. ఒకట్రెండు సెకన్లలో ఆపినా సుమారు 300 జీబీ పోయింది. బ్యాకప్‌ల కోసం వెళ్తే అవి లేవు. డేటాబేస్ 9.6 వెర్షన్, బ్యాకప్ తీసే టూల్ 9.2, అందుకని అది రోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్లేమో డీమార్క్ అనే మెయిల్ తనిఖీ వల్ల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి సరిపోయింది. ఇందులో ఎవరినీ నిందించడానికేం లేదు, మన సర్వర్లలోనూ ఇవే పరిస్థితులుంటాయి.

అందుకని రెండు పనులు. ప్రాంప్ట్‌లో హోస్ట్‌నేమ్ కనిపించేలా, ప్రొడక్షన్ మెషీన్లది ఎర్ర రంగులో ఉండేలా పెట్టుకోండి. తీసేసే కమాండ్ ఏదైనా ఎంటర్ కొట్టే ముందు ఆ పేరు పైకి చదవండి, పక్కవాళ్లు నవ్వితే నవ్వనీండి. రెండోది, మీ మేనేజర్ అనుమతి తీసుకుని మొదటి నెలలోనే ఒక బ్యాకప్‌ని విడిగా పెట్టిన ఖాళీ మెషీన్ మీదికి రీస్టోర్ చేయండి. ఫైల్ ఉంది, సైజు బాగుంది అంటే చాలదు. డేటాబేస్ లేవాలి, నిన్నటి తేదీ ఉన్న ఒక రికార్డు చదవగలగాలి. మొదలుపెట్టిన టైము, ముగిసిన టైము రాసి పెట్టుకోండి. ఏదో ఒక రాత్రి సర్వర్ పడిపోయి, లైన్లో ఉన్నవాళ్లు "ఎంతసేపు పడుతుంది" అని అడిగినప్పుడు చెప్పాల్సిన అంకె అదే.