కత్తెర కబుర్లు: సరుగుడు కొమ్మ ఎంత బరువు మోస్తుంది?

రూత్: అందరికీ వందనాలు. అమెరికాలో ఫ్రిస్కో నుంచి నేను రూత్, బాపట్ల నుంచి మా వదిన.

వదిన: వందనాలండీ. ఇక మొదలుపెట్టు.



 

రూత్: ఈరోజు సంగతి, కటింగ్ మెషీన్‌తో, అంటే కంప్యూటర్‌లో గీసిన బొమ్మను బ్లేడుతో కోసే మెషీన్‌తో, క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే అలంకరణలు. కాగితంతో ఒకటి, పల్చటి చెక్కతో ఒకటి, ప్లాస్టిక్ బంతి మీద తెలుగులో పేరు అంటించేది ఒకటి. మూడూ అరగంటలో చెప్పేస్తాం.

వదిన: చెప్పేస్తాం అంటోంది, వినండి.

రూత్: కాగితందే తేలిక. 250 జీఎస్ఎమ్, అంటే దళసరి కార్డు తీసుకోండి. ఎనిమిదో పదో గుండ్రటి ముక్కలు కోయించండి. ప్రతిదానికీ నడిమధ్య మడత గీత పెట్టించండి. మడిచి, ఒకదాని సగాన్ని పక్కదాని సగానికి అంటిస్తూ పోతే బంతి అవుతుంది. ఆఖరి రెండూ అంటించే ముందు లోపల దారం పెట్టాలి.

వదిన: అసలు కిటుకు చెప్పలేదు నువ్వు. కోసిన కార్డును మ్యాట్ మీద నుంచి, అంటే కార్డును అంటించి మెషీన్‌లో పెట్టే జిగురు షీటు మీద నుంచి, పట్టి లాగొద్దు. లాగితే చుట్టుకుపోతుంది, మళ్ళీ సాపు కాదు. మ్యాట్‌నే బోర్లించి, మ్యాట్‌ను వెనక్కి వంచుతూ పొండి. కార్డు తనంతట తనే లేస్తుంది. ఇంకోటి, తెల్ల జిగురు చుక్క ఎక్కువైనా కార్డు అలలు అలలుగా వస్తుంది. గ్లూ స్టిక్ చాలు.

రూత్: గ్లిట్టర్ కార్డుకి వేరే బ్లేడు పెట్టుకోండి. మామూలు కార్డు కోసేదానితో గ్లిట్టర్ కోస్తే త్వరగా మొద్దుబారిపోతుంది. ఇక ఒకావిడ అడిగారు, మెషీన్ కోస్తే అది చేత్తో చేసినట్టు ఎలా అవుతుందని.

వదిన: వద్దు. నువ్వు బల్బుల్లోకి వెళ్ళిపోతావు.

రూత్: వెళ్ళాలి మరి! చెట్టుకు వేసే గాజు బంతులు జర్మనీలో లౌషా అనే ఊళ్ళో నోటితో ఊది చేసేవాళ్ళు. అమెరికా వాళ్ళు అక్కణ్ణుంచే తెప్పించుకునేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి సరుకు రాదని భయం పట్టుకుంది. అప్పుడు అక్కడి గాజు సామాన్ల కంపెనీ కార్నింగ్ ఏం చేసిందంటే...

వదిన: బల్బులు చేసే మెషీన్ మీద బంతులు చేసింది. మా పాపకి కూడా కంఠతా వచ్చింది.

రూత్: 1940కల్లా పెన్సిల్వేనియాలో వెల్స్‌బరో ఫ్యాక్టరీలో రోజుకు 3 లక్షలు వదినా! ఇప్పుడు అవే బంతులు పాత సామాన్ల దుకాణాల్లో అపురూపంగా అమ్ముతున్నారు. మెషీన్ అని ఎవరైనా తీసిపారేశారా?

వదిన: లేదమ్మా. చెక్క సంగతి చెప్పు.

రూత్: బాల్సా అనే తేలిక చెక్క. బాస్‌వుడ్ అనే చెక్క కూడా బాగుంటుంది. క్రికట్ మేకర్ అనే కటింగ్ మెషీన్‌లో చెక్క కోసే నైఫ్ బ్లేడు ఉంటే 2.4 మిల్లీమీటర్ల దాకా కోస్తుంది, కానీ ఒకే గీత మీద చాలాసార్లు తిరగాలి, చిన్న నక్షత్రానికే చాలా టైమ్ పడుతుంది. చెక్క అంచులు టేపుతో మ్యాట్‌కి బిగించండి, లేకపోతే మధ్యలో జరుగుతుంది. అయ్యాక చాలా బాగుంటాయి. మా చెట్టంతా అవే.

వదిన: మీ చెట్టు మోస్తుంది. మాది మోయదు.

రూత్: మీదేం చెట్టు? అన్నయ్య ఆరడుగుల ప్లాస్టిక్ చెట్టు కొన్నాడుగా.

వదిన: అటక మీద ఉంది. మేం సరుగుడు కొమ్మే పెడతాం.

రూత్: ఇంకానా! వదినా, అది న్యూ ఇయర్‌కల్లా ఎర్రబడి ఇల్లంతా రాలుతుంది.

వదిన: రాలితే ఊడుస్తాం. బకెట్లో తడి ఇసుక పోసి, బకెట్‌కి రంగు కాగితం చుట్టి నిలబెడితే హాలంతా ఆ వాసన. నీ ప్లాస్టిక్‌కి వాసనుందా?

రూత్: నాది ప్లాస్టిక్ కాదు. ఫ్రేజర్ ఫర్ అనే నిజం చెట్టు, నార్త్ కరోలినా నుంచి వస్తుంది. కొమ్మలు గట్టిగా ఉంటాయి, చెక్క బొమ్మ వేసినా వంగవు. సరుగుడుకి ఏం వేసినా జారిపోతుంది.

వదిన: జారదు. వెయ్యడం తెలియాలి. సూదుల్లా కనిపించేవి ఆకులనుకుంటారు అందరూ. అవి సన్నటి రెమ్మలు. వేళ్ళతో పట్టి లాగితే కణుపు దగ్గర ఊడి వస్తాయి. ఆ కణుపు చుట్టూ చిన్న పళ్ళలాగా ఉండే పొలుసులే ఆకులు. వాటికి కొక్కెం తగిలిస్తే కణుపు ఊడి బొమ్మ కిందపడుతుంది. లోపలి గట్టి పుల్లకి దారంతో ముడి వెయ్యాలి. అందుకే మాకు కాగితం బంతులే సరి.

రూత్: కణుపు ఊడదీసి మళ్ళీ అతికించి, ఎక్కడ తెగిందో చెప్పుకోమనే ఆట!

వదిన: నువ్వెప్పుడూ గెలవలేదని మీ అన్నయ్య చెప్పాడు.

రూత్: వాడు దొంగాట ఆడేవాడు. అయినా అదేదో మన సంప్రదాయమన్నట్టు మాట్లాడతావేంటి? సరుగుడు మాత్రం ఈ నేల చెట్టా? రైలింజన్లకు కట్టెల కోసం ఇంగ్లీషు వాళ్ళు మద్రాసు తీరమంతా వేయించారు.

వదిన: వేయిస్తే? నూరేళ్ళు దాటి ఉన్నాక పరాయిదేంటి? తుఫాను గాలికి ఇసుక లేవకుండా ఆపుతోంది, పెళ్ళి పందిరికి గుంజలిస్తోంది. నువ్వు కోసే కార్డు కూడా, ఎక్కడిదో ఏమోగానీ, ఇక్కడి సరుగుడూ సుబాబులూ పేపర్ మిల్లులకే పోతాయి.

రూత్: అంటే సరుగుడు కొమ్మకి సరుగుడు కాగితం బంతి.

వదిన: అదిగో, ఇప్పుడు దారికొచ్చావు.

రూత్: రాలేదు. నేను చెప్పేదేంటంటే, అలవాటైందని పెడుతున్నారు, అంతే. వింటున్నవాళ్ళకి కొమ్మ ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉన్నావిడ సరుగుడు కోసం ఎక్కడ వెతుక్కుంటుంది?

వదిన: ఆవిడ ప్లాస్టిక్ పెట్టుకుంటుంది. నేనేమన్నా కాదన్నానా? చెట్టును బట్టి బొమ్మ బరువు చూసుకోమంటున్నా. నువ్వు చెక్క బొమ్మలు చెయ్యండి, చెయ్యండి అంటే, ఎవరో పాపం రెండు రోజులు కోయించి తీరా వేస్తే కొమ్మ ఒరిగిపోతుంది.

రూత్: నాన్న తెచ్చిన కొమ్మ ఎప్పుడూ ఒరగలేదు.

వదిన: మామయ్య ముదురు కొమ్మ చూసి తెచ్చేవారు.

రూత్: సైకిల్ వెనక కట్టుకుని, తోకంతా రోడ్డు మీద ఈడ్చుకుంటూ. తోట ఆయన డబ్బులు తీసుకునేవాడు కాదు, కేకు తీసుకునేవాడు. ఇప్పుడూ అక్కడి నుంచేనా?

వదిన: ఏ తోట?

రూత్: కాలవ కట్ట అవతలది.

వదిన: అది లేదుగా రూతూ. కొట్టేశారు. చెరువు తవ్వి రొయ్యలేశారు.

రూత్: ఎప్పుడు?

వదిన: చాన్నాళ్ళయింది. మేం సంతలో కొంటున్నాం కొమ్మ.

రూత్: నాకెవరూ చెప్పలేదే.

వదిన: చెప్పేంత విషయమా అది?

రూత్: కాదా? ప్రతి ఆదివారం గంట మాట్లాడతావు. కూరేం చేశావో చెబుతావు, పాస్టర్ గారి కోడలు ఏ చీర కట్టిందో చెబుతావు.

వదిన: చెబితే ఏం చేసేదానివి అక్కణ్ణుంచి?

రూత్: ఏం చెయ్యను. సరే, వదిలెయ్. వినైల్.

వదిన: రూతూ...

రూత్: వినైల్ చెప్పనీ, అదే, వెనక జిగురుండే పల్చటి ప్లాస్టిక్ షీటు. బంతి మీద తెలుగులో పేరు వెయ్యాలంటే మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైప్ చెయ్యొద్దు, ఒత్తులు ఎక్కడో పడతాయి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, అక్షరాలను గీతలుగా మార్చే ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కి, ఎస్‌వీజీగా సేవ్ చేసి అప్‌లోడ్ చెయ్యండి. ఫాంటు రామభద్ర లాంటి లావుపాటిది తీసుకోండి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉంది. సన్నటి ఫాంటు అయితే వినైల్ పీకేటప్పుడు గుడిదీర్ఘాలు కూడా లేచి వచ్చేస్తాయి.

వదిన: కార్డులో కోసేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. ‘ఇమ్మానుయేలు’ అని కోస్తే అక్షరాలన్నీ దేనికది విడిపోతాయి, మకారం ఒత్తు ఎక్కడికి పోయిందో కనిపించదు. చుట్టూ ఒక వలయం గీసి, అక్షరాలన్నీ దాన్ని తాకేలా పెట్టి వెల్డ్ చెయ్యండి. అప్పుడు ఒకే ముక్కగా వస్తుంది.

రూత్: బంతి గుండ్రం కాబట్టి పెద్ద పేరు ముడతలు పడుతుంది. పేరు చిన్నగా, బంతి పెద్దగా ఉండాలి. వినైల్‌ను ఎత్తి బంతి మీద పెట్టే ట్రాన్స్‌ఫర్ టేపును అంచుల్లో అక్కడక్కడా కత్తిరిస్తే వంపుకి సర్దుకుంటుంది.

వదిన: మధ్యలోంచి అంచులకు రుద్దుకుంటూ పోవాలి.

రూత్: ఆఁ. యుద్ధం రోజుల్లో ఆ కార్నింగ్ బంతులకి లోపల వెండి పూత కూడా ఆగిపోయింది, తెలుసా? లోహం కరువు. పైన టోపీ కూడా అట్ట ముక్కతోనే చేశారు.

వదిన: తెలుసు. చెప్పు, పర్లేదు, బల్బులు చెప్పు.

రూత్: జాలిపడి వినక్కర్లేదు.

వదిన: జాలి కాదు. ఈసారి వచ్చినప్పుడు సూర్యలంక వైపు వెళ్దాం, అటు ఇంకా సరుగుడు ఉంది. నీకు నచ్చిన కొమ్మ... ఉండు, గేటు కొడుతున్నారు. గ్యాస్ వచ్చింది.

రూత్: రికార్డింగ్ అవుతోంది వదినా.

వదిన: ఓటీపీ అడుగుతున్నాడు! అది మీ అన్నయ్య ఫోన్‌కి వస్తుంది.

రూత్: అన్నయ్యేడీ?

వదిన: చర్చి మీద స్టార్ కడుతున్నారు, నిచ్చెన మీదున్నాడు. నువ్వు ఫోన్ చెయ్, నా మాట ఎత్తడు.

రూత్: చేస్తా. ఆ తోట సంగతి కూడా అడుగుతా, నాకెందుకు చెప్పలేదో.

వదిన: ముందు ఓటీపీ అడగవే తల్లీ!