ఉక్కపోతలో ఏ సీసా కొనాలి?

రాజు: అక్కా, మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా సిటీ బస్సులో నిలబడి వెళ్తే చాలు, చంకల చెమటకి వాడే స్ప్రేలు, రోలాన్‌ల మీద ఈ ఎపిసోడ్ ఎందుకో ఎవరికీ చెప్పక్కర్లేదు.

సంధ్య: విశాఖలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధ. సముద్రపు గాలిలో తేమ ఉంటుంది కదా, పట్టిన చెమట ఆరదు.

రాజు: నేను షాపులో లెక్క చూశాను. బాడీ స్ప్రే 150 మిల్లీలీటర్లు, రోలాన్ 50. స్ప్రేనే లాభం కదా?

సంధ్య: అక్కడే బోల్తా పడతాం. మామూలు స్ప్రే డబ్బాలో చాలా భాగం గ్యాసే. రోలాన్‌లో ఉన్నదంతా ఒంటికే అంటుతుంది. మిల్లీలీటర్లతో పోల్చితే తప్పుతోవ పడతాం. సరే, ఆ స్ప్రే చెమట తగ్గిస్తుందా?

రాజు: గుమగుమలాడుతుంది మరి!

సంధ్య: అది డియోడరెంట్ పని. అప్పుడే పట్టిన చెమటకి పెద్దగా వాసనుండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విడగొడితేనే కంపు. డియో ఆ కంపుని అణుస్తుంది, చొక్కా మాత్రం తడుస్తూనే ఉంటుంది. తడి తగ్గాలంటే యాంటీపెర్స్పిరెంటే కావాలి. సీసా వెనక్కి తిప్పి అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లాంటి పేరుందేమో చూడు. ఆ లవణం చెమట నాళం నోట్లో జిగురులా గడ్డకట్టి దారి మూస్తుంది. కొన్నాళ్లకి అదే ఊడిపోతుంది.

రాజు: మరి బ్రాండో?

సంధ్య: ఒకే బ్రాండులో ఒక రకంలో అల్యూమినియం ఉంటుంది, పక్క రకంలో ఉండదు. అందుకే పేరు చూసి కొనొద్దు. రెండింటిలో అదే లవణం ఉంటే నేనైతే చవకదే తీసుకుంటాను. ఆడవాళ్లకి, మగవాళ్లకి అని వేరే సీసాలు పెడతారు చూడు, చాలాసార్లు తేడా సెంటులోనే.

రాజు: మరి 48 గంటలని రాస్తారు కదా?

సంధ్య: గంటల సంగతి తర్వాత, ఎంత తగ్గుతుందో చూడు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకారం, వాడినవాళ్లలో కనీసం సగం మందికి చెమట 20 శాతం తగ్గితే చాలు, యాంటీపెర్స్పిరెంట్ అనుకోవచ్చు. ఇంకా బాగా పనిచేస్తుందని చెప్పుకోవాలంటే 30 శాతం. పూర్తిగా ఆగిపోతుందనుకుని కొంటే నిరాశే.

రాజు: ఇంతేనా! దానికి డబ్బులెందుకు?

సంధ్య: వాడే పద్ధతి మారిస్తే ఆ డబ్బుకి ఇంకాస్త ఫలితం వస్తుంది. అందరూ పొద్దున్నే స్నానం చేసి, తడి ఆరకముందే రాసి పరిగెడతారు. రాత్రి పడుకునే ముందు, పొడి చర్మం మీద రాయాలి. నిద్రలో చెమట తక్కువ, లవణం లోపల కుదురుకుంటుంది. పొద్దున్న స్నానం చేసినా పోదు. చంకలు గీసుకున్న వెంటనే మాత్రం రాయకు, భగ్గుమంటుంది.

రాజు: క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది.

సంధ్య: రొమ్ము క్యాన్సర్‌తో స్పష్టమైన సంబంధం లేదని అమెరికన్ క్యాన్సర్ సొసైటీయే చెబుతోంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి వాడాలి.

రాజు: మా నాన్న గడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక?

సంధ్య: అదీ అల్యూమినియం లవణమే, కానీ నాళాన్ని అలా మూయదు. బ్యాక్టీరియాని అదుపు చేస్తుంది. నీ బాధ వాసనొక్కటే అయితే పటిక ముందు ఖరీదైన సెంటు డబ్బా దండగే. తడిపి రాస్తే చాలు, ఒక ముక్క నెలల తరబడి వస్తుంది.

రాజు: పూర్ణా మార్కెట్లో దొరుకుతుందా?

సంధ్య: అంతదూరం ఎందుకు, మీ వీధి చివర పచారీ కొట్లో అడుగు.