అప్‌డేట్ కావాలి, కానీ నా టైముకు కావాలి

(తిరుపతి స్టూడియో నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం పాఠం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈరోజు మనతో ఉన్నది తిరుపతి, చిత్తూరుల్లో షాపులకూ ఆఫీసులకూ కంప్యూటర్లు చూసే సిస్టం ఇంజనీర్ గారు. పని మధ్యలో కంప్యూటర్ దానంతట అదే అప్‌డేట్‌కు పోతే ఏం చేయాలన్నది ఈ గంట మాట. అప్పుడే ఫోన్ మోగుతోంది. హలో, ఎక్కడి నుంచండీ?

శ్రోత: నమస్తే మేడమ్, తిరుపతి కొర్లగుంట నుంచి. డీటీపీ షాపు నాది. సార్, మొన్న రాత్రి ఒక పెండ్లి పత్రిక కంపోజ్ చేస్తా ఉన్నా. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. రెండు వైపుల బంధువుల పేర్లు, ముహూర్తం, రిసెప్షన్ అన్నీ కొట్టేసినా. పదకొండున్నరకు అన్నానికి పోయి అరగంటకు వచ్చి చూస్తే స్క్రీన్ మీద నీలం రంగు, 'అప్‌డేట్స్ 30 శాతం' అని. సేవ్ చేయలేదు సార్. మొత్తం పోయింది. పొద్దున్నే పెండ్లివాళ్లు ప్రూఫ్‌కు వచ్చేస్తారు. ఎంత టెన్షన్ పడినానో నాకే తెలుసు.

ఇంజనీర్: అర్థమైంది. సేవ్ చేయకపోవడం మీ పొరపాటే అనుకున్నా, మీరు పనిలో ఉన్నారో లేదో అడగకుండా ఆపేయడం సరైన పద్ధతి కాదు. కంప్యూటర్ కొన్నది మీరు. ఏది విండోస్?

శ్రోత: 11 సార్.

ఇంజనీర్: హోమా, ప్రోనా?

శ్రోత: అది తెలియదు సార్.

ఇంజనీర్: సెట్టింగ్స్‌లో సిస్టం, దాని చివర అబౌట్ అని ఉంటుంది, అక్కడ రాసి ఉంటుంది. తేడా ఎందుకు అడుగుతున్నానంటే, ప్రోలో గ్రూప్ పాలసీ ఎడిటర్, అంటే కంప్యూటర్ నడిచే నియమాలను మార్చుకునే టూల్ ఉంటుంది. 'డౌన్‌లోడ్ చేసే ముందు నన్ను అడుగు' అని అందులో పెట్టుకోవచ్చు. హోమ్‌లో ఆ ఎడిటర్ లేదు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకే అడిగించుకునే హక్కు ఉండటం న్యాయం కాదు. అయినా హోమ్‌లో మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ యాక్టివ్ అవర్స్ అని ఉంటుంది. మీరు పనిచేసే గంటలు అన్నమాట. ఆ గంటల్లో దానంతట అది రీస్టార్ట్ కాకూడదు. ఆటోమేటిక్‌లో వదిలేస్తే మీ వాడకాన్ని బట్టి అదే అంచనా వేసుకుంటుంది, ఆ అంచనా తప్పవచ్చు. మాన్యువల్ పెట్టి మీరే ఇవ్వండి. 18 గంటల దాకా ఇవ్వవచ్చు. షాపు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?

శ్రోత: మూఢం లేని రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి రెండు దాకా సార్.

ఇంజనీర్: 17 గంటలు. సరిపోతుంది. లైన్‌లోనే ఉండి ఆ పేజీ తెరవండి. మళ్లీ మీ దగ్గరికే వస్తాను.

వ్యాఖ్యాత: బంగారుపాళెం నుంచి ఒకరు ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అక్కా. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. జూన్, జులైలో తోతాపురి లారీలు వచ్చేటప్పుడు తూకం చీటీలతోనే ఊపిరి ఆడదు. నెట్టేమో నా ఫోన్ హాట్‌స్పాట్. పొద్దున లాప్‌టాప్ కలపగానే డేటా అంతా అప్‌డేట్‌కే అయిపోతోంది. జీఎస్టీ పోర్టల్ తెరుచుకోదు. అది కూడా సరిగ్గా జీఎస్‌టీఆర్-1, అదే అమ్మకాల రిటర్న్ వేసే రోజుల్లోనే. నా ఖర్మా సార్ ఇది?

ఇంజనీర్: ఖర్మ కాదమ్మా, క్యాలెండర్. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి నెలలో రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తోంది. అమెరికా పడమటి తీరంలో పొద్దున పది గంటలంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. కాబట్టి మనకు అది కనిపించేది బుధవారం పొద్దున. రెండో మంగళవారం ఎప్పుడూ 8 నుంచి 14వ తేదీ మధ్యలోనే పడుతుంది. నెలనెలా జీఎస్‌టీఆర్-1 వేసేవాళ్లకు ఆఖరి తేదీ 11. రెండూ ఒకే వారంలో ఢీకొంటాయి.

శ్రోత: అయ్యో, ఇన్నాళ్లూ లాప్‌టాప్‌నే తిట్టుకున్నా.

ఇంజనీర్: రెండు పనులు చేయండి. వైఫైలో మీ ఫోన్ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి, ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేయండి. ఇది లెక్క కట్టే డేటా అని దానికి తెలుస్తుంది, చాలావరకు అప్‌డేట్లు దించుకోవడం ఆపేస్తుంది. రెండోది, ప్రతి నెలా ఏడో తేదీన విండోస్ అప్‌డేట్‌లో 'పాజ్' నొక్కి ఒక వారం పెట్టండి. రిటర్న్ వేసేశాక, మంచి వైఫై ఉన్నచోట పాజ్ తీసేసి అప్‌డేట్ చేయించండి. అది మాత్రం మరవద్దు. అయిదు వారాలకు మించి పాజ్ ఉండదు, ఆ గడువు దాటితే అప్‌డేట్ వేసుకున్నాకే మళ్లీ పాజ్ ఇస్తుంది. అప్‌డేట్ నడిచేటప్పుడు చార్జర్ పెట్టే ఉంచండమ్మా, సగంలో ఆగితే ఇబ్బంది.

వ్యాఖ్యాత: తర్వాత చిత్తూరు దర్గా సర్కిల్ నుంచి.

శ్రోత: సార్, నాది నెట్ సెంటర్, ఎనిమిది సిస్టమ్స్. ఇంత గోల ఎందుకు? నేను రెండేళ్ల కింద ఒక టూల్ వేసి అప్‌డేట్లు మొత్తం చంపేసినా. అప్పటి నుంచి హాయిగా ఉంది.

ఇంజనీర్: అన్నా, దయచేసి ఆ టూల్ ఇవాళే తీసేయండి. మీ దగ్గరికి వచ్చి జనం ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, పిల్లల హాల్‌టికెట్లు అన్నీ మీ సిస్టంలో తెరుస్తారు కదా. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్‌సమ్‌వేర్ వచ్చింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగింది. మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లకూ తగిలింది, వాటిలో చిత్తూరు జిల్లావీ ఉన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చి 14నే వచ్చేసింది. దాదాపు రెండు నెలల ముందు! వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. మీరేమో రెండేళ్లుగా ఏదీ వేయలేదు.

శ్రోత: కానీ అప్‌డేట్ వల్లే సిస్టమ్స్ పడిపోవడం లేదా సార్? ఆ మధ్య విమానాలే ఆగిపోయినాయి.

ఇంజనీర్: అది 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు అది, విండోస్ అప్‌డేట్ కాదు. దాదాపు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. మీ భయంలో నిజం ఉంది. చెడ్డ అప్‌డేట్లు వస్తాయి. అందుకే వచ్చిన రోజే వేయకండి, వారం ఆగండి. తప్పుంటే ఈలోగా బయటపడుతుంది. వేశాక ప్రింటర్ ఆగిపోయిందనుకోండి, అప్‌డేట్ హిస్టరీలోకి వెళితే చాలావాటిని అన్‌ఇన్‌స్టాల్ చేయవచ్చు. వారం ఆగడం వేరు, రెండేళ్లు ఆపేయడం వేరు అన్నా.

శ్రోత: ఎనిమిదింటికీ ఒకేసారి దించితే నెట్ ఏమవుతుంది సార్?

ఇంజనీర్: అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోనే ఉండే డెలివరీ ఆప్టిమైజేషన్‌లో 'లోకల్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు' అన్నది పెట్టండి. ఒకటి దించుకున్నది మిగతావి దాని దగ్గరే తీసుకోగలవు. ముందు ఒక్క సిస్టంకు చేయండి. రెండు మూడు రోజులు ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మిషన్ చూసుకుని తర్వాత మిగతావి.

శ్రోత: సరే సార్. ఈ ఆదివారం కూర్చుంటాను.

వ్యాఖ్యాత: పలమనేరు నుంచి రిటైరైన మాస్టారు. చెప్పండి మాస్టారూ.

శ్రోత: నా దగ్గర విండోస్ 10 ఉందమ్మా. ఇక అప్‌డేట్లు రావంటున్నారు. గొడవ వదిలినట్టేనా?

ఇంజనీర్: వదిలినట్టు కాదు మాస్టారూ. దానికి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం ఉంది, అందులో చేరాలి. చేరకుండా అదే కంప్యూటర్లో పెన్షన్ ఖాతా మాత్రం తెరవకండి.

వ్యాఖ్యాత: కొర్లగుంట వారు ఇంకా లైన్‌లోనే ఉన్నారు.

శ్రోత: సార్, హోమ్ అనే ఉంది. యాక్టివ్ అవర్స్ మాన్యువల్ పెట్టి తొమ్మిది నుంచి రెండు ఇచ్చేసినా.

ఇంజనీర్: అదే పేజీలో 'గెట్ మీ అప్ టు డేట్' అని కనిపిస్తోందా? ఆఫ్‌లో ఉందా?

శ్రోత: ఉండండి సార్... ఆన్‌లో ఉంది. నేనైతే పెట్టలేదు, మా కుర్రోడు నొక్కినట్టున్నాడు.

ఇంజనీర్: దొరికింది. అది ఆన్‌లో ఉంటే మీ పని గంటలను కూడా లెక్కచేయదు. పదిహేను నిమిషాల ముందు ఒక హెచ్చరిక చూపించి రీస్టార్ట్ అవుతుంది. మీరు అన్నం తింటున్నారు, ఆ హెచ్చరికను చూసేవాళ్లు లేరు. ఆఫ్ చేయండి. దగ్గరలోనే 'రీస్టార్ట్ అవసరమైతే తెలియజేయి' అని ఉంటుంది, అది ఆన్ చేయండి.

శ్రోత: చేసినా సార్. రెండూ అయినాయి.

వ్యాఖ్యాత: మరి ఆ పత్రిక ఏమైందండీ?

శ్రోత: తెల్లవారేదాకా కూర్చుని మళ్లీ కొట్టినా మేడమ్. ప్రూఫ్ చూసి సరే అన్నారు, ఇప్పుడు ప్రింటింగ్‌లో ఉంది.