ధ్రువ సముద్రాల్లో ఉప్పు ఎక్కడికి పోతోంది?

నమస్కారం. స్క్రీన్ మీద రెండు రకాల మంచు కనిపిస్తోంది, చూడండి. ఎడమవైపు కొండంత ఐస్‌బర్గ్. కుడివైపు పలకలా పరుచుకున్న సముద్రపు మంచు. రెండూ ఉప్పునీటిలోనే తేలుతున్నా పుట్టుకలు వేరు. నేల మీద వందల, వేల ఏళ్లు కురిసిన మంచు గట్టిపడి, హిమానీనదంగా జారి, సముద్రంలోకి విరిగిపడితే ఐస్‌బర్గ్ అవుతుంది. అంటే అదంతా మంచినీరే. కుడివైపుది మాత్రం సముద్రపు నీరే గడ్డకట్టింది. మరి అందులోని ఉప్పు ఏమైనట్టు?

కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అందుకే అది గడ్డకట్టాలంటే మైనస్ 1.8 డిగ్రీల దాకా చల్లబడాలి. మంచు స్ఫటికంలో ఉప్పుకి చోటుండదు కాబట్టి చాలావరకు బయటికి నెట్టేస్తుంది. మిగిలిన చిక్కటి ఉప్పునీరు సన్నని సందుల్లో ఇరుక్కుని, నెమ్మదిగా కిందికి కారిపోతుంది. కొత్త మంచుని కరిగిస్తే ఇంకా ఉప్పగానే ఉంటుంది. వేసవులు దాటిన పాత మంచు పైభాగం మాత్రం తాగడానికి పనికొస్తుంది. ఆర్కిటిక్‌లోని ఇన్యుయిట్ ప్రజలకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు.

కిందికి దిగిన ఆ ఉప్పునీటి కథే నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపిస్తుంది. అంటార్కిటికాలో వెడెల్ సముద్రం, రాస్ సముద్రం ఉన్నాయి కదా. అక్కడ నేల మీంచి వీచే గాలి, తీరం దగ్గర కట్టిన మంచుని ఎప్పటికప్పుడు దూరంగా తోసేస్తుంది. ఖాళీ అయిన చోట మళ్లీ నీరు గడ్డకడుతుంది, మళ్లీ ఉప్పు దిగుతుంది. అలా చల్లగా, బరువుగా తయారైన నీరు అడుగుకి జారి, ఆక్సిజన్‌ని మోసుకుంటూ భూమధ్యరేఖ దాటి ఉత్తరానికి కూడా వెళ్తుంది.

ఆర్కిటిక్‌లో కథ వేరు. ప్రపంచ సముద్రాల నీటిలో దాని వాటా ఒక శాతమే. నదులు మోసుకొచ్చే నీటిలో మాత్రం పది శాతానికి పైగా అందులోకే చేరుతుంది. ఓబ్, యెనిసే, లేనా, మెకెంజీ, అన్నీ అక్కడికే. ఆ మంచినీరు తేలిక కాబట్టి పైనే నిలుస్తుంది. 1893లో సైబీరియా తీరం దగ్గర నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఓడ ‘ఫ్రామ్’ ఇంజిన్ ఎంత తిరిగినా ముందుకు కదల్లేక ఇబ్బంది పడింది. పైనుంచి తోడిన నీరు తాగేలా ఉంది. ఓడ అడుగు నుంచి తీసుకున్న నీరేమో బాయిలర్‌కి కూడా పనికిరానంత ఉప్పన! ఆ రెండు పొరల మధ్య పైకి కనిపించని అలలు పుట్టించడానికే ఓడ బలం ఖర్చయిపోతోందని తర్వాత స్వీడన్ సముద్ర శాస్త్రవేత్త ఎక్‌మన్ ప్రయోగాలు చేసి చూపించాడు.

ఆ పొరల కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన ఉప్పునీరుంది. అది పైనీటి కంటే వెచ్చన. ఆ వేడి మంచుని తాకకుండా పైనున్న చల్లటి, ఉప్పు తక్కువున్న నీరు మూతలా కాపాడుతోంది. అందుకే మంచు ఎంత కరిగిందన్న లెక్కొక్కటే చూస్తే సరిపోదని నేను గట్టిగా నమ్ముతాను. ఉప్పు ఎక్కడుంది, మంచినీరు ఎక్కడ నిలిచింది అన్నదీ చూడాలి.

తేలే మంచు కరిగితే నీటిమట్టం మారదని చాలామంది అంటారు. మంచినీటి గ్లాసులో అది నిజం. సముద్రంలో మాత్రం, కరిగిన నీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి, మట్టం రవ్వంత పెరుగుతుంది. అసలు టెన్షన్ నేల మీది మంచుతోనే: గ్రీన్‌లాండ్‌ది మొత్తం కరిగితే సుమారు 7 మీటర్లు, అంటార్కిటికాది కరిగితే సుమారు 58 మీటర్లు. అంతకు చాలా ముందే, కరిగి వచ్చే మంచినీరు తీరం దగ్గరి సముద్రంలో ఉప్పుని పలచన చేస్తుంది. నీరు అడుగుకి దిగడానికి కావలసిన బరువు తగ్గిపోతుంది. రాస్ సముద్రం దశాబ్దాల పాటు ఇలా పలచబడటాన్ని కొలిచారు కూడా.

శీతాకాలంలో మంచు కింద కొలతలు తీయడం ఓడలకు చాలా కష్టం. అందుకే శాస్త్రవేత్తలు ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర జంతువుల తలలకి చిన్న సెన్సార్లు అతికించారు. అవి మునిగిన ప్రతిసారీ ఉప్పు, ఉష్ణోగ్రత నమోదవుతాయి. ఏటా చర్మం ఊడేటప్పుడు సెన్సార్ కూడా రాలిపోతుంది. తూర్పు అంటార్కిటికాలోని కేప్ డార్న్‌లీ దగ్గర కూడా బరువైన అడుగునీరు తయారవుతోందని 2013లో తేల్చడానికి ఆ సీల్స్ తెచ్చిన కొలతలు సాయపడ్డాయి.