ఏలీయాకు దేవుడు ముందు రొట్టె పెట్టాడు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ రోజు బైబిల్లో నాలుగు భోజనాల గురించి ధ్యానిద్దాం. ఏం పెట్టారన్నది ఒక ఎత్తయితే, ఎప్పుడు పెట్టారన్నది ఇంకో ఎత్తు. నేను చెప్పాలనుకున్నది ఆ రెండోదాని గురించే.

(తెర మీద: 1 రాజులు 19:4-8)

బైబిల్ దగ్గరుంటే ఈ భాగం తెరవండి. దీనికి ముందు అధ్యాయంలో ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద ఉన్నాడు. బయలు అనే దేవతను కొలిచే 450 మంది ప్రవక్తల ఎదుట ఒక్కడే నిలబడ్డాడు. ఆయన ప్రార్థిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగింది, ఏళ్ల తరబడి లేని వాన కురిసింది. ఆ వానలోనే అహాబు రాజు రథానికి ముందుగా యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. ఇంతలో యెజెబెలు రాణి కబురు పంపింది, రేపు ఈ వేళకల్లా నిన్ను చంపిస్తానని.

అంతటి ప్రవక్త ప్రాణం అరచేత పట్టుకుని పారిపోయాడు. దేశానికి దక్షిణాన ఉన్న బెయేర్షెబా దాకా వెళ్లి, పనివాణ్ణి అక్కడే వదిలేసి, ఒంటరిగా ఇంకో రోజంతా ఎడారిలో నడిచాడు. ఒక బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు.

ఈ మాట మన సంఘంలో ఎవరైనా అంటే మనమేమంటాం? "విశ్వాసి నోట ఆ మాట రాకూడదు బ్రదర్! నిన్న అగ్ని దింపిన దేవుణ్ణి ఇంతలోనే మర్చిపోయారా?" ఈ ప్రశ్న దేవుడు ఏలీయాను అడగొచ్చు, న్యాయంగానే అడగొచ్చు. కానీ అడగలేదు. ఒక దూతను పంపించాడు. ఆ దూత ఏలీయాను తట్టి లేపి, "లేచి భోజనం చెయ్యి" అన్నాడు. చూస్తే తల దగ్గరే నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి ఉన్నాయి. ఏలీయా తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు.

ఈ మళ్లీ పడుకోవడం దగ్గర కాసేపు ఆగండి. దేవదూత వచ్చి వెళ్లాక కూడా ఆయన నిద్రపోయాడు. అయినా ఎవరూ గద్దించలేదు. దూత రెండోసారి వచ్చి మళ్లీ భోజనమే పెట్టాడు. ఈసారి కారణం కూడా చెప్పాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ముందుందని. ఇతని బలం చాలదని పరలోకమే చెబుతోంది, అదీ తప్పు పట్టకుండా! ఆ భోజనపు బలంతో ఏలీయా 40 రాత్రింబగళ్లు నడిచి హోరేబు కొండ చేరాడు. "ఏలీయా, ఇక్కడ ఏం చేస్తున్నావు?" అన్న ప్రశ్న అక్కడికి వెళ్లాకే వచ్చింది. ఏలీయా తన గోడంతా చెప్పుకున్నాడు. కాసేపటికి అదే గోడు అవే మాటల్లో మళ్లీ చెప్పాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. తర్వాత పని అప్పగించాడు, తోడుగా ఎలీషా అనే మనిషిని చూపించాడు.

మన మధ్య మంచం పట్టిన అత్తగారికి రాత్రింబగళ్లు సేవ చేస్తున్న కోడళ్లున్నారు. ఊరందరి కష్టాలూ విని తన కష్టం ఎవరికీ చెప్పుకోలేని పాస్టర్లున్నారు. వాళ్లలో ఒకరు నిద్ర పట్టడం లేదు, బతకాలని లేదు అంటే, ఉపవాసం ఉండి ప్రార్థన చెయ్యమ్మా అని పంపేస్తున్నాం. ఉపవాసం గొప్పదే, ప్రభువే 40 దినాలు ఉన్నాడు. కానీ ఆ అక్క రెండు రోజులుగా సరిగ్గా తిన్నదో లేదో కనుక్కున్నామా? దయచేసి అలాంటివాళ్లను ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చోండి, క్యారేజీ కట్టి తీసుకెళ్లండి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. దానివల్ల ప్రార్థనకు వచ్చే లోటేమీ లేదు.

(తెర మీద: మార్కు 5:41-43)

యాయీరు అనే ఆయన కూతురికి 12 ఏళ్లు. చనిపోయిన ఆ పిల్లను యేసు చెయ్యి పట్టుకుని లేపాడు. ఇంట్లో అందరూ విస్మయంతో నిలబడిపోయారు. పాపకు ఆకలేస్తుందన్న సంగతి మాత్రం యేసుకే గుర్తుంది. ఆమెకు తినడానికి పెట్టండి అన్నాడు.

(తెర మీద: యోహాను 21:9-15)

ఇక యేసు శిష్యుడు పేతురు. యేసును పట్టుకున్న రాత్రి ప్రధానయాజకుని ఇంటి ముంగిట, నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ యేసు ఎవరో తెలియదన్నవాడు. ఇప్పుడు, యేసు తిరిగి లేచాక, తిబెరియ సముద్రం ఒడ్డున, రాత్రంతా వల వేసి అలసిపోయి ఉన్నాడు. తెల్లవారి ఒడ్డుకొచ్చేసరికి నిప్పులున్నాయి, వాటి మీద చేప, పక్కన రొట్టె. వీళ్ల వలలో 153 పెద్ద చేపలు పడ్డాయి గానీ, ప్రభువు అప్పటికే వండి ఉంచాడు. మీరు పట్టినవి కూడా కొన్ని తెమ్మన్నాడు. "నన్ను ప్రేమిస్తున్నావా?" అని పేతురును మూడుసార్లు అడగాల్సి ఉంది, అది నొప్పించే ప్రశ్నే. వాళ్లు భోజనం చేసిన తర్వాత అడిగాడని యోహాను రాశాడు. ఖాళీ కడుపుతో ఉన్న మనిషిని నిలదీయలేదు. మనలో పెద్దలు, సంఘంలో ఎవరినైనా సరిదిద్దాల్సి వచ్చినప్పుడు, ఈ వాక్యం ఒకసారి చదువుకుని వెళ్తే బాగుంటుంది.

(తెర మీద: అపొస్తలుల కార్యములు 27:33-44)

చివరిది తుపానులో, ఓడ మీద. అందులో 276 మంది ఉన్నారు. 14 రోజులుగా సరిగ్గా తిండి లేదు. అపొస్తలుడైన పౌలు అందులో ఖైదీగా ఉన్నాడు. అందరికీ ప్రాణాలు దక్కుతాయని దేవుడు ఆయనకు ముందే మాట ఇచ్చాడు. మాట ఉంది కదా అని పౌలు ఊరుకోలేదు. తెల్లవారబోతుండగా అందరినీ తినమని బతిమాలాడు. రొట్టె పట్టుకుని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతలు చెప్పి, ముందు తాను తిన్నాడు. అది చూసి వాళ్లూ ధైర్యం తెచ్చుకుని తిన్నారు. తెల్లారాక ఓడ ఇసుకలో చిక్కుకుని బద్దలైంది. ఈత వచ్చినవాళ్లు ఈదారు, రానివాళ్లు పలకలు పట్టుకున్నారు. అందరూ ఒడ్డుకు చేరారు.